రెండో కన్ను

మా వదిన బొమ్మలకు కళ్ళు వేస్తుంది. చర్చి బొమ్మలకూ వేస్తుంది, బౌద్ధ విహారం బొమ్మలకూ వేస్తుంది. మా ఇంటి గుర్తు చెప్పాలంటే “కళ్ళు వేసేవాళ్ళ ఇల్లు” అంటే చాలు. ఆ మాట విని కంటి డాక్టరనుకుని, కళ్ళజోడు విరిగినవాళ్ళు కూడా తలుపు తడుతుంటారు. వదిన వాళ్ళను పొమ్మనదు. కూర్చోబెట్టి, మర బిగించి, అద్దాలు తుడిచి మరీ పంపుతుంది. నేనైతే కసురుతాను. బస్‌స్టేషన్‌లో టికెట్ల కిటికీ వెనక కూర్చుని రోజంతా జనంతో వేగి వచ్చేదాన్ని. ఇంటి గుమ్మంలో కూడా మనుషులు వరసకట్టి కనిపిస్తే ఒళ్ళు మండదా?

కింద వర్క్‌షాపు, దాని వెనక అన్నయ్యా వదినల గది, వంటగది. బయటి మెట్లెక్కితే పైన నా గది. ఎక్కడ చెయ్యి పెట్టినా ప్లాస్టర్ పొడి అంటుకుంటుంది. కంచంలోనూ పడుతుంది, ఎముకలకు మంచిదిలే అని తినేస్తాం. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు టికెట్లు అయిపోయాయని చెబుతుంటాను.

మా నాన్న బుద్ధుడి బొమ్మలే చేసేవాడు, ఇంకేవీ ముట్టేవాడు కాదు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాన్న కూడా పోయాక నన్ను పెంచింది అన్నయ్యే. వాడికి జడ వేయడం రాదు. బుద్ధుడి తలమీద ఉంగరాలు తిరిగిన జుట్టు చెక్కే చేత్తో నా చిక్కు తీస్తూ ప్రాణాలు తోడేసేవాడు. ఏడిస్తే, బొమ్మలు ఏడవవు, చూసి నేర్చుకో అనేవాడు. నన్ను బడికి పంపింది, ఉద్యోగం వచ్చేదాకా తిండి పెట్టింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది వాడే.

వదిన మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు చంకలో మరియమ్మ ఉంది, చేతిసంచిలో మరియమ్మ చెయ్యి ఉంది. వాళ్ళ నాన్న చర్చిలో గంట కొట్టి, దీపాలు చూసుకునే మనిషి. పూలకుండీ మారుస్తుంటే బొమ్మకు తగిలి చెయ్యి ఊడిందట. ఫాదర్ చూసేలోగా అతికించి ఇమ్మని వచ్చింది. అన్నయ్య అతికించాడు. కళ్ళ రంగు కూడా వెలిసిపోయింది, అదీ వేసి ఇవ్వమంది. నాకు ఈ కళ్ళు రావన్నాడు అన్నయ్య. కళ్ళు కళ్ళే కదా అంది ఆమె. కాదు, నేను వేసే కళ్ళు ఎవరినీ చూడవు, మీకు చూసే కళ్ళు కావాలి అన్నాడు. ఆమె వాడి చేతిలోంచి బ్రష్షు లాక్కుని, బొమ్మకు ఎదురుగా కూర్చుని తనే వేసుకుంది. ఆ మధ్యాహ్నమే నాకు వదిన దొరికిందని నేను గ్రహించాను. వాళ్ళిద్దరూ గ్రహించడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

పెళ్ళి చర్చిలో జరిగింది. కొవ్వొత్తులు, ధూపం, పెద్ద బొమ్మ చూసి మా మేనత్త అది మన విహారంలాంటిదే అనుకుని, బలిపీఠం ముందు నేలమీద పద్మాసనం వేసి కళ్ళు మూసుకుంది. పెళ్ళివాళ్ళంతా లేచి నిలబడినా, మళ్ళీ కూర్చున్నా ఆవిడ కదల్లేదు. ఫాదర్ ఆవిడ చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత విహారంలో భంతే, అంటే మా బౌద్ధ గురువు, ఇద్దరికీ దీవెనలు చదివినప్పుడు, వదినవైపు చుట్టాలు ప్రతి వాక్యం చివరా ఆమెన్ అన్నారు. లెక్క సరిపోయింది.

అలా మా వర్క్‌షాపులో రెండు అరలు ఏర్పడ్డాయి. ఒకటి అన్నయ్యది, ఒకటి వదినది. బాగుకు వచ్చే మరియమ్మ ఎప్పుడూ కాలివేళ్ళ దగ్గర అరిగిపోయి వస్తుంది, జనం తాకీ తాకీ. బుద్ధుడు గడ్డం కింద దీపాల మసి పట్టి వస్తాడు, తాకేవాళ్ళు లేక. ఒకరి దగ్గరికి మనుషులు పట్టుకోవడానికి పోతారు, ఇంకొకరి దగ్గరికి వదిలిపెట్టడం నేర్చుకోవడానికి పోతారు. ఇది నా తెలివి కాదు, అన్నయ్య మసి తుడుస్తూ చెప్పిన మాట. వదిన వెంటనే, పట్టుకునేవాళ్ళు ఉన్నారు కనకనే నా అరలో పని ఎక్కువ అంది.

పని చేసుకుంటూ ఇద్దరూ ఒకరినొకరు గిల్లుకునేవాళ్ళు. మీకూ జపమాల ఉంది, మాకూ ఉంది, మీకూ గంట ఉంది, మాకూ ఉంది, మీ భంతే పెళ్ళాడడు, మా ఫాదరూ పెళ్ళాడడు, ఇక తేడా ఏముంది, ఆదివారం నాతో వచ్చేయండి అనేది వదిన. నువ్వు పూసలు తిప్పుతూ ఒకరిని పిలుస్తావు, నేను తిప్పుతూ ఎవరినీ పిలవను, అంతే తేడా అనేవాడు అన్నయ్య. ఎవరినీ పిలవనివాడికి పూసలెందుకని ఆమె. ఊరికే ఉంటే వేళ్ళు నీ జోలికి వస్తాయని వాడు. మీరు తప్పు చేస్తే ఫాదర్ చెవిలో ఊది, దులుపుకుని వచ్చేస్తారు, మేం చేస్తే దాన్ని మేమే మోయాలి అని ఒకసారి అన్నాడు. మీరు ఏదైనా మోస్తే కదా, నీళ్ళ బిందె కూడా నేనే మోస్తున్నాను అంది వదిన. నేను మధ్యలో కూర్చుని నవ్వేదాన్ని. ఆలోచిస్తే నాకు తెలిసిన తేడా ఒకటే. వాళ్ళకు కోరుకోవడం ప్రార్థన. మాకు కోరుకోవడమే రోగం.

కళ్ళు వేసే పద్ధతి కూడా వేరు. వదిన మరియమ్మకు ఎదురుగా, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చుంటుంది. నోటిలో ప్రార్థన సాగుతుంటుంది. ఆ చూపు తన చూపుతో కలిసేదాకా లేవదు. బుద్ధుడికి అలా కుదరదు. ఆయన మొహానికి చివరిదాకా తెల్లగుడ్డ కప్పి ఉంచాలి. కళ్ళు వేసేవాడు బొమ్మకు వీపు పెట్టి కూర్చోవాలి. ఎదురుగా అద్దం ఉండాలి. అద్దంలో చూసుకుంటూ బ్రష్షును భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి గీయాలి. తెరుచుకునే వేళ ఆ కళ్ళ మొదటి చూపు సూటిగా మనిషి మీద పడకూడదట. అద్దం పట్టుకునే మనిషి తన మొహం దాని వెనక దాచుకోవాలి. రెండో కన్ను పూర్తయ్యేదాకా నోరు విప్పకూడదు. మా ఇంట్లో ఆ పని నాది. నాన్నకు పట్టాను, అన్నయ్యకు పట్టాను. నేను నోరు మూసుకుని ఉండగలిగేది అప్పుడొక్కప్పుడేనని అన్నయ్య ఊరంతా చాటేవాడు.

ఆ ప్లాస్టర్ పొడే అన్నయ్య ఊపిరితిత్తుల్లో చేరింది. మొదట దగ్గు, తర్వాత ఆయాసం, తర్వాత ఆసుపత్రి మంచం. విహారంలో కొత్తగా కడుతున్న ధ్యానమందిరం కోసం చేస్తున్న పెద్ద బుద్ధుడు అప్పటికి పూర్తయ్యాడు, కళ్ళు తప్ప. ఇంటికొచ్చి వేస్తానులే అనేవాడు, రాడని తెలిసి కూడా.

చివరి రోజుల్లో ఒక సాయంత్రం నేను మంచం పక్కనే ఉన్నాను. వదిన వాడి చెయ్యి పట్టుకుని అడిగింది.

“అక్కడ నాకోసం ఎదురుచూస్తానని ఒక్క మాట అనండి.”

వాడు ఆమె మొహంలోకి చూశాడు. ఎదురుచూడటానికి ‘నేను’ అనేది ఒకటి మిగలదని వాడి నమ్మకం. మనిషి పోతే చేసిన మంచీ చెడూ ముందుకు సాగుతాయి, ఇంకో బతుకు మొదలవుతుంది. ఆ బతికేవాడు ఇతనూ కాదు, పూర్తిగా వేరొకడూ కాదు. అలా పెరిగాం మేము.

“అబద్ధం చెప్పమంటావా?” అన్నాడు.

“చెప్పండి.”

వాడు మంచినీళ్ళు అడిగాడు. తాగాడు. గ్లాసు తిరిగి ఆమె చేతికిచ్చాడు. నాకు వాడిమీద వచ్చినంత కోపం జన్మలో ఎవరిమీదా రాలేదు. చచ్చేముందు కూడా అబద్ధమాడకూడదన్న శీలం కాపాడుకోవాలా ఈ మనిషి? పెళ్ళాం ముందు ఒక్క అబద్ధం ఆడితే ఏ కొంప మునుగుతుంది? మర్నాడు వాడికి స్పృహ లేదు. ఆ తర్వాత వాడే లేడు.

భంతే వచ్చి చదవాల్సినవి చదివారు. ఫాదర్ కూడా వచ్చి పక్కన నిలబడి ప్రార్థన చేశారు. ఇద్దరూ ఒకే గొడుగు కింద తిరిగి వెళ్ళారు. ఆ రోజు చినుకులు పడుతున్నాయి.

మొదట నేను గమనించింది బ్రష్షులు. వదిన ఏడ్చి ఏడ్చి, పని మధ్యలో లేచిపోయి, సన్న బ్రష్షులను కుచ్చులు విచ్చుకుని ఉండగానే వదిలేసేది. పొద్దున్నే చూస్తే వాటి మొనలు సూదిగా తీర్చి ఉండేవి. అన్నయ్యకు బ్రష్షు మొనను పెదాలతో తడిపి తీర్చే అలవాటు. విషంరా, రంగు నోట్లోకి పోతుంది అని నాన్న ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. వదినే చేస్తోంది కాబోలనుకున్నాను. అడిగితే, నేను కాదు అంది. ఆ కాదనడంలో బెదురు లేదు. సంతోషం ఉంది.

తర్వాత స్టూలు. కిటికీ పక్క మూలన అన్నయ్య కూర్చునే ఎత్తు స్టూలు, దానిమీద స్పాంజి దిండు. దాన్ని ఎవరూ వాడటం లేదు. అయినా దిండు మధ్యలో మనిషి కూర్చున్నంత గుంట పడి ఉండేది. నేను దులిపి, తట్టి, ఉబ్బేలా చేసి వెళ్ళేదాన్ని. డ్యూటీ నుంచి వచ్చేసరికి మళ్ళీ గుంట. ఒకసారి వేలితో నొక్కబోయాను. దిండు వేలి కింద లొంగలేదు, పైన బరువున్నట్టు బిగుసుకుని ఉంది. నేను బస్‌స్టేషన్‌లో పనిచేసే మనిషిని. ఎక్కినవాడు దిగుతాడు, వెళ్ళినవాడు వెళ్ళాడు, టికెట్టు లేనివాడు ప్రయాణం చేయడు. నాకు దయ్యాలంటే నమ్మకం లేదు. అయినా ఆ వేలిని చీర కొంగుకు తుడుచుకుంటూ పైకి పరుగెత్తాను.

వదిన మాత్రం తేరుకుంది. తింటోంది, నిద్రపోతోంది, పని చేస్తోంది. రెండు కప్పుల్లో టీ పోస్తోంది. మూలవైపు తిరిగి మాట్లాడుతోంది. ఈ పెదవి ఎరుపు ఎక్కువైందా చెప్పండి అని అడిగి, కాసేపు ఆగి, సరే తగ్గిస్తాను అనేది. ఎవరైనా మూడోమనిషి చూస్తే పిచ్చనుకునేవాళ్ళు. నేను అనుకోలేకపోయాను. ఎందుకంటే ఆ ఆగినప్పుడు, మూలలోంచి గొంతు సవరించుకున్న చప్పుడు నేనూ విన్నాను.

పెద్ద బుద్ధుడు మొహానికి గుడ్డ కట్టుకుని గది మధ్యలో కూర్చునే ఉన్నాడు. మందిరం కట్టడం అయిపోయింది, అరుగు ఖాళీగా ఉంది. విహారం నుంచి రెండుమూడుసార్లు మనిషి వచ్చి వెళ్ళాడు. ఇంట్లో బుద్ధుడి కళ్ళు వేయడం చూసి చూసి వచ్చినది ఇప్పుడు వదినకే. వేస్తాను, వేస్తాను అంటోంది కానీ గుడ్డ విప్పడం లేదు. అసలు సంగతి నాకు అర్థమైంది. అన్నయ్య వదిలి వెళ్ళిన పని అది. అది మిగిలి ఉన్నంతకాలం వాడికి ఇంట్లో పని ఉంది. పని అయిపోతే వాడు వెళ్ళిపోతాడు.

నేను పోట్లాడాను. ఆడపడుచుగా నాకున్న హక్కంతా వాడుకున్నాను. మా అన్నను నువ్వు కట్టేశావు, మాలో పోయినవాళ్ళను పట్టుకుని వేలాడితే వాళ్ళ దారి ఆగిపోతుంది, వాడు మంచి బతుకులోకి పోవాల్సినవాడు, స్పాంజి దిండుమీద ఎందుకు కూర్చోవాలి అని అరిచాను. వదిన నా అరుపంతా విని, చేతులు తుడుచుకుంది.

“మీకు ‘అక్కడ’ అనేది లేదు కదమ్మాయ్. ఉంటే అక్కడికే పంపేదాన్ని, వెనకాలే నేనూ వెళ్ళేదాన్ని. లేదన్నారు కాబట్టి ఇక్కడ ఉంచుకున్నాను.”

మూలలో స్టూలు కిర్రుమంది. నేను తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాను.

ఫాదర్ తనకు రావాల్సిన బొమ్మ కోసం వచ్చినప్పుడు నేనే ఆయన చెవిన వేశాను. ఆయన భయపడలేదు, నవ్వలేదు కూడా. వదిన పక్కన కూర్చుని, చనిపోయినవాళ్ళ కోసం మనం ఎందుకు ప్రార్థిస్తామని అడిగారు. పిల్లల్ని అడిగినట్టే అడిగారు. ఉత్తరించు స్థలంలో, అంటే పరలోకానికి ముందు పాపాలు కడుక్కునే చోట, ఉన్న ఆత్మలు శుద్ధి పొంది దేవుణ్ణి చేరడానికి అని ఆమె అప్పజెప్పింది. చేరడానికే కదా, మరి నువ్వు ఆపడానికి ప్రార్థిస్తున్నావేమిటి అన్నారు ఆయన. వదిన తల వంచుకుని, బాప్తిస్మం లేని మనిషి అక్కడికి చేరతాడా, నాకు కనిపిస్తాడా అంది. దేవుడి దయ ఎంత దూరం పోతుందో నేను కొలవలేను, ఆశపడమని మాత్రం చెప్పగలను అన్నారు ఫాదర్. ప్రతి ఆదివారం పూజలో మీ ఆయన పేరు చదువుతాను అని మాటిచ్చి బొమ్మ తీసుకుని వెళ్ళారు.

భంతే కూడా వచ్చారు, కళ్ళ కోసం తొందరపెట్టడానికి కాదు, చూసి పోవడానికి. ముసలాయన, మోకాళ్ళ నొప్పి. నేను కుర్చీ తెచ్చేలోగా తిన్నగా వెళ్ళి ఆ స్టూలు దగ్గర నిలబడ్డారు. కూర్చోలేదు. దిండు వైపు చూసి, పక్కనున్న బల్ల మీద సర్దుకుని కూర్చున్నారు. ఏదైనా మంచి పని చేసి, ఆ పుణ్యం ఆయనకు చెందాలని మనసులో అనుకో, మేము చేసేది అదే, మీ ఫాదర్ చెప్పినదానికి పెద్ద దూరం లేదు అన్నారు. పంపడంలో ఇద్దరూ ఒకటే మాట చెబుతున్నారు, చేరే చోటు దగ్గర కదా తేడా అంది వదిన. ఆయన ఒప్పుకున్నారు. మళ్ళీ కలుస్తామా అని ఆమె సూటిగా అడిగింది.

“మీ ఆయన అబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పను” అన్నారు భంతే. “ఇక్కడ ఉన్నది ఎవరో నాకు తెలియదమ్మా. పట్టుకున్నది నువ్వని మాత్రం తెలుస్తోంది.”

ఆయన వెళ్ళాక వదిన అద్దం తీసి తుడిచి పెట్టుకుంది. మర్నాడు నేను డ్యూటీకి పోయిన తర్వాత గుడ్డ విప్పి, అద్దాన్ని మేకుకు తగిలించి, ఒక్కతే ఒక కన్ను వేసింది. నేను వచ్చేసరికి బుద్ధుడు మళ్ళీ గుడ్డ వెనక ఉన్నాడు. వదిన నేలమీద, గోడకు ఆనుకుని ఉంది. ఒకటి వేశాను, ఇక చేతకాలేదు అంది. నేను గుడ్డ అంచు ఎత్తి చూశాను. వాలిన రెప్ప, దాని కింద సన్నని చూపు, అచ్చం అన్నయ్య వేసినట్టే. రెండో పక్కన ఉత్త తెల్లటి ప్లాస్టర్. సగం లేచి, సగం నిద్రలో ఉండిపోయిన మొహం. గుడ్డ వదిలేశాను. అలా వదిలేసిన బొమ్మను మా ఇంట్లో ఎన్నడూ ఎవరూ చూసి ఎరగరు.

ఆ రోజు నుంచి ఇల్లు మారిపోయింది. బ్రష్షుల మొనలు ఎవరూ తీర్చడం లేదు. దిండు మీద గుంట సగమే ఉంటోంది. దగ్గు మాత్రం మొదలైంది. ఇదివరకు గొంతు సవరించుకునే దగ్గు కాదు. ఆసుపత్రి దగ్గు. ఊపిరి లోపలికి పోక, బయటికి రాక, మధ్యలో గీరుకునే ఆ చప్పుడు. పొద్దున టీ కాచేటప్పుడు, మధ్యాహ్నం రంగు కలిపేటప్పుడు, వీధిలో బళ్ళు పోతున్నప్పుడు కూడా. వదిన చెవులు మూసుకునేది. మూలకు వెళ్ళి గాలిలో వీపు నిమురుతున్నట్టు చెయ్యి ఆడించేది. నీళ్ళు పెట్టేది. గ్లాసు నిండుగా అలాగే ఉండేది, దగ్గు ఆగేది కాదు.

సగంలో ఆపేశాను, మనిషి గుమ్మంలో ఇరుక్కుపోయాడు అని ఆమె ఒక పొద్దున నా గదికి వచ్చింది. అద్దం పట్టుకోవడానికి వస్తావా అని అడిగింది. ఎప్పుడంటే, ఇప్పుడే, వెలుగు బాగుంది అంది. నేను డ్యూటీకి సెలవు చెప్పి కిందికి దిగాను.

తూర్పు కిటికీలోంచి ఎండ నేలమీద పరుచుకుంది. వదిన స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చింది. మెడలో జపమాల తీసి అర మీద పెట్టింది, ఒక్క నిమిషం ఆలోచించి మళ్ళీ వేసుకుంది. గుడ్డ విప్పి, బొమ్మకు వీపు పెట్టి కూర్చుంది. నేను అద్దం ఎత్తి పట్టుకుని మొహం దాని వెనక దాచుకున్నాను. ఇక మాటల్లేవు. గదిలో ఉన్నది బ్రష్షు గీత చప్పుడు, ఆ దగ్గు.

అద్దం వెనక ఉన్నవాళ్ళు పక్కలకు చూడకూడదని ఎవరూ చెప్పలేదు. నా అద్దం అంచు పక్కనుంచి మూల కనిపిస్తోంది. స్టూలు, దిండు, దిండు మీద గుంట. వదిన నాకు కనిపించడం లేదు, ఆమె గొంతు మాత్రం వినిపించింది. అద్దంలోకి చూస్తూ అంటోంది. కళ్ళు వేసేవాళ్ళు మాట్లాడవచ్చు, పట్టుకునేవాళ్ళే మాట్లాడకూడదు.

“ఎదురుచూడమని అడిగాను. తప్పయిపోయింది. చూడకండి. నాకోసం ఆగకండి. వెళ్ళండి.”

ఏడుపు లేదు. బయటికి పోయే మనిషికి వంటింట్లోంచి చెప్పినట్టు చెప్పింది. బ్రష్షు రెప్ప కింద చివరి గీత గీస్తోంది, చప్పుడును బట్టి నాకు తెలుసు. దగ్గు మెల్లమెల్లగా సన్నగిల్లింది. ఒక పొడవైన ఊపిరి, ఆ తర్వాత నిశ్శబ్దం. నేను చూస్తున్నాను. దిండు మీద గుంట నింపాదిగా, ఎవరో మోకాళ్ళ మీద చేతులానించి లేస్తున్నట్టు, పైకి ఉబ్బుతోంది. ఇన్ని నెలలుగా నేను కోరినదే అది. పంపు, పంపు అని నేను ఊదరగొట్టినదే. దిండు ఇంకొంచెం లేస్తే సమతలం అవుతుంది.

“అన్నయ్యా!” అన్నాను.

నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అద్దం చేతిలో ఊగిపోయింది. వదిన చెయ్యి మాత్రం ఊగలేదు. ఆమె గీత పూర్తి చేసి, బ్రష్షును నీళ్ళలో ముంచి, అప్పుడు తిరిగి నా వైపు చూసింది. తిట్టలేదు. నేను అద్దం దించాను. బుద్ధుడి రెండు కళ్ళూ తెరుచుకుని ఉన్నాయి, ఒకే జోడు, ఎవరినీ చూడని చూపు. దిండు చదునుగా ఉంది. గదిలో ఎవరూ లేరు. అంత ఖాళీగా ఆ గదిని నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు ఏడ్చాం.

బుద్ధుణ్ణి విహారానికి తీసుకెళ్ళారు. భంతే చాలాసేపు చూసి, బాగున్నాడు అన్నారు. వదిన ప్రతి ఆదివారం చర్చిలో అన్నయ్య పేరు చదివించుకుంటోంది, పౌర్ణమికి విహారంలో దీపాల మసి తుడిచి ఆ పుణ్యం వాడికి చెందాలని అనుకుంటోంది. రెండు దారుల్లో ఏది ఆయనదో ఆయనకే తెలుసు, నేను రెండింటా సామాను పంపుతున్నాను అని నవ్వుతుంది. స్టూలును ఎండలో పెట్టి, దిండు గలీబు ఉతికి, తనే వాడుకుంటోంది. కింద ఇల్లు శుభ్రపడింది. వదినకు ఇప్పుడు ఏమీ వినిపించదు.

వినిపించేది నాకు. పొద్దున నేను డ్యూటీకి తయారయ్యే వేళకు, బయటి మెట్లమీద అడుగుల చప్పుడు మొదలవుతుంది. కింది మెట్టు నుంచి పైకి, తొందర లేకుండా, మధ్యలో ఆయాసం తీర్చుకోవడానికి ఆగుతూ. నా తలుపు ముందు నిలబడిపోతుంది. తలుపు కిందనున్న సందులోంచి వచ్చే వెలుగు కొంత ఆగుతుంది. నేను పిలిచాను కాబట్టి వచ్చాడు. వెళ్ళేవాడు వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగాడు. చిన్నప్పుడు కూడా అంతే, ఎంత దూరం పోయినా, అన్నయ్యా అని ఒక్క కేక వేస్తే వెనక్కి వచ్చేవాడు.

వదినకు చెప్పాను. ఆమె తెల్లబోయింది. నేను తనతో అన్న మాటలే ఒక్కొక్కటిగా, నెమ్మదిగా నాకు అప్పజెప్పింది. దారి ఆగిపోతుంది అంది. మంచి బతుకులోకి పోవాల్సినవాడు అంది.

“అసలే ఆయాసం మనిషి. మెట్ల మీద నిలబెట్టావు. తలుపు తీసి, వెళ్ళమని ఒక్క మాట చెప్పెయ్ అమ్మాయ్” అంది.

అంతా నిజమే. ఆ మాటలన్నీ నావే, నాకు రాకేం కాదు. రోజూ చీర కట్టుకుని, సంచి భుజాన తగిలించుకుని, తలుపు దగ్గరికి వెళ్ళి గడియ మీద చెయ్యి వేస్తాను. అవతల ఊపిరి వినిపిస్తూ ఉంటుంది. డ్యూటీకి ఆలస్యమవుతుంది, అయినా వెనక కిటికీలోంచి దూరి, పక్కనున్న ఇనప నిచ్చెన దిగి వెళ్ళిపోతాను. తలుపు తీస్తే అక్కడ ఎవరూ ఉండరని నాకు తెలుసు. అందుకే తీయడం లేదు.